త్రీనాట్‌త్రీ తన్నినా ముద్దే!

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే పల్లెల్లో జెండాలూ మైకులూ బయటికొస్తాయి. వాటితోపాటు బయటికొచ్చేది మరొకటుంది. బీరువా వెనకో, చెక్కపెట్టెలోనో పాతగుడ్డ చుట్టుకుని పడుకున్న లైసెన్సు తుపాకీ. కోడ్ అమల్లో ఉన్నన్నాళ్లూ దాన్ని పోలీసుస్టేషన్లో అప్పగించాలి. చేవెళ్ల వాళ్లు చేవెళ్ల ఠాణాకు, మొయినాబాద్ వాళ్లు మొయినాబాద్ ఠాణాకు వెళతారు. చందనవెల్లిలో ఎవరికైనా లైసెన్సు ఉంటే షాబాద్ ఠాణాకు తెచ్చి, నంబరు రాయించి, రసీదు పుచ్చుకోవాలి. ఫలితాలొచ్చాక అదే రసీదు చూపించి మళ్లీ ఇంటికి తెచ్చుకోవాలి. చాలా తుపాకులకు అయిదేళ్లలో జరిగే ప్రయాణం అదొక్కటే. పేలడం మాట దేవుడెరుగు!

తుపాకీ అనగానే మనకు గుర్తొచ్చేవి రెండే. ఒకటి భయం, రెండోది దర్జా. ఠాణా గుమ్మం దగ్గర సెంట్రీ భుజాన త్రీనాట్‌త్రీ వేలాడుతుంటే పక్కనుంచి తప్పుకుని వెళ్లిన తరం మనది. దొరగారింట్లో గోడమీద రెండు గొట్టాల తుపాకీ ఉంటే నోరెళ్లబెట్టి చూసిన తరం కూడా మనదే. దాంతో సరదాగా ఓ పూట గడపొచ్చన్న ఆలోచన మనకు ఎక్కడినుంచి వస్తుంది?

కానీ ఆ సరదా ఉంది. వందేళ్లనాటి సైనిక రైఫిల్‌ని కారు డిక్కీలో పెట్టుకుని ఆదివారం పొద్దున్నే షూటింగ్ రేంజికి బయల్దేరేవాళ్లు ప్రపంచంలో లక్షల్లో ఉన్నారు. వాళ్లకు పతకాల గొడవ పెద్దగా ఉండదు. వేట ఊసూ ఉండదు. వంద గజాల అవతలున్న కాగితానికి చిల్లులు పెట్టి, మధ్యాహ్నానికి నొప్పెడుతున్న భుజం తడుముకుంటూ నవ్వుకుంటూ ఇంటికొస్తారు. వాళ్లు ముద్దుచేసే రైఫిళ్లలో ముందు వరుసలో ఉన్నది ఏదనుకున్నారు? మన ఠాణాల్లో తుప్పు వాసన కొట్టిన ఆ త్రీనాట్‌త్రీయే!

చెవులకు మఫ్, కళ్లకు అద్దాలు

దాని అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డ్. లీ అంటే జేమ్స్ పారిస్ లీ. స్కాట్లండ్‌లో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో తుపాకులు తయారుచేసిన పనిమంతుడు. ఎన్‌ఫీల్డ్ అంటే లండన్ పక్కన బ్రిటిష్ ప్రభుత్వ తుపాకుల కర్మాగారం ఉన్న ఊరు. రెండు పేర్లూ కలిసి 1895లో ఒకటయ్యాయి. మొదటి ప్రపంచయుద్ధంలో మన సిపాయిలు ఫ్రాన్స్‌కీ మెసొపొటేమియాకీ భుజాన వేసుకెళ్లింది ఈ కుటుంబపు రైఫిళ్లనే. గొట్టం లోపలి కొలత 0.303 అంగుళం కాబట్టి త్రీనాట్‌త్రీ. బరువు నాలుగు కిలోలు. మ్యాగజైన్‌లో పది తూటాలు. అయిదేసి తూటాలున్న ఇనుప క్లిప్పుని పైన పెట్టి బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే అయిదూ చకచకా లోపలికి దిగుతాయి. రెండు క్లిప్పులతో కడుపు నిండినట్టే.

అసలు మజా బోల్టులో ఉందంటారు తెలిసినవాళ్లు. పిడి పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి వంచడం... నాలుగు కదలికలే. ఇతర దేశాల రైఫిళ్లలో ఈ పిడిని నిలువుగా నిలబెట్టేదాకా ఎత్తాలి, పైగా బిగుతుగా ఉంటుంది. లీ చేసిన బోల్టుకు కొంచెం ఎత్తితే చాలు. స్ప్రింగు బిగించే కష్టాన్ని కూడా ఆయన పిడి ఎత్తేటప్పుడు పెట్టలేదు, ముందుకు తోసే చివరి దశలో పెట్టాడు. తోసే చేతికి బలమెక్కువ కదా. అందుకే చెంప బట్ మీదినుంచి తీయకుండా, చూపు మరల్చకుండా వరసగా కాల్చొచ్చు. 1914 నాటి బ్రిటిష్ సిపాయి నిమిషానికి పదిహేను గుళ్లు గురిచూసి కాల్చాలన్నది శిక్షణలో నియమం. ఇప్పుడు రేంజిలో సరదాకి కాల్చేవాళ్లు అయిదుకే ఆయాసపడతారు, అది వేరే సంగతి!

గురిపెట్టడంలో దూరదర్శిని అద్దాలేం ఉండవు. వెనక చిన్న గాడి, ముందు సన్నటి పలక, దూరంగా నల్లచుక్క. మూడూ ఒకే గీతలోకి రావాలి. చిక్కేమిటంటే మనిషి కన్ను మూడు దూరాల్ని ఒకేసారి స్పష్టంగా చూడలేదు. ఒకదాన్ని ఎంచుకోవాలి. కొత్తవాళ్లంతా చుక్కనే చూస్తారు. గురి తప్పుతుంది. ముందు పలకని పదునుగా చూస్తూ, చుక్కని మసగ్గా వదిలేసినవాడికి గుళ్లన్నీ ఒకేచోట పడతాయి. చత్వారం వచ్చినవాళ్లకి ఇది మరీ పరీక్ష. అయినా పాత రైఫిళ్ల రేంజిల్లో కనిపించేవి ఎక్కువగా నెరిసిన తలలే.

ఊపిరి సగం వదిలి బిగబట్టాలి. ట్రిగ్గర్‌ది రెండు మెట్ల నడక. మొదటి మెట్టు మెత్తగా వెనక్కి వస్తుంది. అక్కడ ఓ చిన్న అడ్డు తగులుతుంది. రెండో మెట్టు దాటించేటప్పుడు వేలు లాగకూడదు, పిండాలి. ఎప్పుడు పేలిందో కాల్చేవాడికే తెలియకూడదట. పేలాక మాత్రం ఊరందరికీ తెలుస్తుంది! పదకొండు గ్రాముల గుండు సెకనుకి 740 మీటర్ల పైచిలుకు వేగంతో, అంటే ధ్వనికి రెండింతలకన్నా జోరుగా దూసుకెళుతుంది. ఆ విసురుకి రైఫిల్ భుజాన్ని తంతుంది. బట్‌ని భుజం గుంటలో గట్టిగా ఒత్తిపెట్టుకుంటే ఆ తన్ను తోపులా ఉంటుంది. వదులుగా పట్టుకుంటే గాడిద తన్నే. బట్‌కి ఇత్తడి రేకు ఉంటుంది, రబ్బరు మెత్త కాదు. చప్పుడికి చెవులు దెబ్బతింటాయి కాబట్టి మఫ్ లేకుండా ఎవరినీ గీత దాటనివ్వరు.

మనవాళ్లలో చాలామందికి ఈ తన్ను తెలియకపోయినా బరువు తెలుసు. కాలేజీ ఎన్‌సీసీలో డ్రిల్లుకిచ్చిన రైఫిల్ అదే. డీపీ అని రాసి ఉండేది. అంటే కవాతుకే తప్ప కాల్చడానికి పనికిరాకుండా చేసింది అని. 'బాజూ శస్త్ర', 'సలామీ శస్త్ర' అంటూ ఎండలో దాన్ని మోసిన కుర్రాళ్లకి భుజం కాయలు కాసేవి. క్యాంపులో నిజంగా కాల్చడానికి ఇచ్చేది మాత్రం పాయింట్ టూటూ. నేలమీద బోర్లా పడుకుని 25 గజాల దూరాన ఉన్న కాగితం మీద కొట్టిన నాలుగైదు గుళ్లు ఎంత దగ్గరగా పడ్డాయో స్కేలుతో కొలిచి, ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి దాచుకున్నవాళ్లు ప్రతి ఊళ్లో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఈ సరదాకి బీజం అదే.

ఆరు గుళ్ల ఇనుప పువ్వు

రివాల్వర్ దారి వేరు. రైఫిల్‌కి భుజం, చెంప, రెండు చేతుల ఆసరా ఉంటాయి. రివాల్వర్‌కి మణికట్టే దిక్కు. సినిమాల్లో వంద అడుగుల నుంచి హీరో సిగరెట్ ఎగరగొడతాడు గానీ, రేంజిలో కొత్తవాళ్లు పది గజాల్లో పళ్లెమంత కాగితాన్ని తప్పుతారు. గొట్టం ఎంత పొట్టిదైతే తప్పు అంత పెద్దది.

పాత రివాల్వర్లలో పెద్దన్న బర్మింగ్‌హామ్ వెబ్లీ. 1915లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న మార్క్ 6 రకం కిలోకి పైగా బరువు. బొటనవేలితో పక్కనున్న మీట నొక్కితే తుపాకీ నడుం దగ్గర విరిగినట్టు ముందుకు వంగుతుంది. అదే క్షణంలో మధ్యలోంచి నక్షత్రంలాంటి చక్రం పైకి లేచి ఆరు ఖాళీ తొడుగుల్నీ ఒక్కసారిగా బయటికి చిమ్ముతుంది. ఇనుప పువ్వు విచ్చుకున్నట్టే! ఈ దృశ్యం కోసమే వెబ్లీని కాల్చేవాళ్లున్నారు. దాని .455 గుండు లావు, నడక నెమ్మది. ధ్వని వేగాన్ని కూడా అందుకోదు. అందుకే తన్ను పదునుగా ఉండదు, ఎవరో అరచేతిని పట్టుకుని బలంగా నెట్టినట్టుంటుంది.

ట్రిగ్గర్ ఒక్కటే నొక్కి కాలిస్తే గుర్రాన్ని లేపే పనీ, చక్రాన్ని తిప్పే పనీ వేలే చేయాలి. బరువెక్కువ, చెయ్యి వణుకుతుంది. ముందే బొటనవేలితో గుర్రాన్ని వెనక్కి లాగిపెట్టుకుంటే ట్రిగ్గర్ తేలికవుతుంది, గురి కుదురుతుంది. 1873 నాటి అమెరికన్ కోల్ట్‌లో అయితే ఈ రెండో పద్ధతి తప్ప గతిలేదు. కౌబాయ్ అంటే మనకు గుర్తొచ్చేది ఆ కోల్టే. 1971లో 'మోసగాళ్లకు మోసగాడు'లో కృష్ణ చేతిలో గిరగిరా తిరిగిన జాతి. నిజం కోల్ట్‌ని వేలికి తగిలించి అలా తిప్పితే ఏ రేంజిలోనైనా మరుక్షణం బయటికి పంపుతారు. అది ఆరు గుళ్ల తుపాకీయే అయినా జాగ్రత్తపరులు అయిదే నింపేవారు. గుర్రం కింద గది ఖాళీగా ఉంచకపోతే, కిందపడినప్పుడు పేలొచ్చు మరి.

మన దగ్గర ఆ వెబ్లీ వంశం ఇంకా బతికే ఉంది. కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారంలో తయారైన .32 రివాల్వర్ దాని పోలికే. అలాగే మధ్యకి వంగుతుంది, ఆరు తొడుగుల్నీ అలాగే చిమ్ముతుంది. 2014లో మహిళల కోసమంటూ 'నిర్భీక్' అనే తేలికపాటి రివాల్వర్ తెచ్చారు. బరువు అరకిలో. ధర లక్షా ఇరవై వేల పైమాటే. ఆడవాళ్ల రక్షణకి లక్ష రూపాయల రివాల్వరా అని అప్పట్లో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. అందులో తప్పులేదు.

బోరు కథ

బోరంటే చేవెళ్ల రైతుకి నీళ్ల బోరే. ఎన్ని అడుగులు వేసినా నీళ్లు పడని బాధ ఆ ప్రాంతానికి కొత్త కాదు. తుపాకీ బోరు బాధ వేరు. గొట్టం లోపలి కొలతే ఆ తుపాకీ ఎవరి చేతిలో ఉండాలో తేలుస్తుంది.

ఈ లెక్క తెల్లవాళ్లు మొదలుపెట్టింది. 1857 తిరుగుబాటుకి నిప్పురవ్వ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాకి పూసిన కొవ్వే కదా. ఆ దెబ్బ తిన్నాక వాళ్లు మన చేతికి మంచి తుపాకీ ఇవ్వడానికి జంకారు. త్రీనాట్‌త్రీనే తీసుకుని, గొట్టం లోపలి గాళ్లు లేకుండా నున్నగా చేసి, మ్యాగజైన్ చోట చెక్కముక్క బిగించి, ఒక్కో తూటా పెట్టుకుని కాల్చే .410 మస్కెట్లుగా మార్చి పోలీసులకీ జైలు వార్డర్లకీ ఇచ్చారు. దగ్గర్లో జనాన్ని చెదరగొట్టడానికి సరిపోతుంది, సైన్యం మీద తిరగబడితే పనికిరాదు! తెలివంటే అది. మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి 26 తుపాకుల్నీ, రెండున్నర వేల తూటాల్నీ పట్టుకెళ్లాడంటే దొరలకి నిద్ర ఎందుకు పట్టలేదో ఊహించుకోవచ్చు. తుపాకీ ఎంత ముఖ్యమో తూటా అంతకన్నా ముఖ్యం. ప్రభుత్వం తూటా దొంగిలించి సొంత తుపాకీలో వాడుకోకుండా, సైన్యం వాడే కొలతల్ని పౌరులకి నిషేధించారు. .303 మాత్రమే కాదు, .450 కూడా అలాగే నిషేధానికి గురైతే లండన్‌లో వేట తుపాకుల కంపెనీలు మన దేశంలో అమ్ముకోవడానికి కొత్త కొలతలు కనిపెట్టాల్సి వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం చేసుకున్నాం గానీ ఆ పద్ధతి పోలేదు. .303 రైఫిలూ, .38, .455 రివాల్వర్లూ, 9 ఎంఎం పిస్టలూ నిషిద్ధ బోరు. మామూలు లైసెన్సుకి దొరికేవి .32 రివాల్వరు, .22, .315, .30-06 రైఫిళ్లు వగైరా. ఇందులో .315 ఓ తమాషా. కోల్‌కతా దగ్గర ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దాన్ని తయారుచేసింది. బోల్టు అచ్చంగా లీ-ఎన్‌ఫీల్డ్‌దే. గొట్టం మాత్రం మార్చి, ఆస్ట్రియా వాళ్ల పాత 8 ఎంఎం తూటా పట్టేలా చేశారు. అంటే త్రీనాట్‌త్రీయే పేరు మార్చుకుని, వేషం మార్చుకుని పౌరుల ఇళ్లలోకి వచ్చిందన్నమాట.

ఆ ఇషాపూర్‌లోనే 1962 చైనా యుద్ధం తర్వాత ఇంకో వింత తయారైంది. ప్రపంచమంతా ఆటోమేటిక్ రైఫిళ్ల వైపు పోతుంటే, తొందరగా, చవగ్గా కావాలని త్రీనాట్‌త్రీని 7.62 తూటాకి మార్చి 2ఏ1 అనే రైఫిల్ చేశారు. మ్యాగజైన్ పలకగా, పన్నెండు తూటాలతో ఉంటుంది. త్రీనాట్‌త్రీ పోలీసుల దగ్గర చాలాకాలం బతికింది. ఉత్తరప్రదేశ్ పోలీసులైతే 2020 గణతంత్ర దినోత్సవ కవాతులో దానికి లాంఛనంగా వీడ్కోలు చెప్పారు.

అన్నట్టు, చేవెళ్లకి కూతవేటు దూరంలో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఉంది. అక్కడ రైఫిళ్లు కూడా చేస్తారనుకునేవాళ్లున్నారు. కాదు. అక్కడ చేసేది సైనికుల్ని మోసుకెళ్లే యుద్ధశకటాలు.

మనది... కానీ మనకి కాదు

మన సర్కారు మిగులు కింద వదిలించుకున్న ఇషాపూర్ రైఫిళ్లు చాలానే సముద్రం దాటి అమెరికా చేరాయి. అక్కడ టెక్సాస్‌లోనో ఒహాయోలోనో ఓ పెద్దాయన రేంజి బల్లమీద తన రైఫిల్ పరిస్తే, దానిమీద 'ఆర్.ఎఫ్.ఐ.' ముద్ర, మూడు సింహాల గుర్తు కనిపిస్తాయి. కొన్నింటికి ముందుచెక్క చుట్టూ రాగితీగ దగ్గరదగ్గరగా చుట్టి ఉంటుంది. గ్రెనేడు విసరడానికి వాడినప్పుడు చెక్క పగలకుండా వేసిన కట్టు అది. ఇషాపూర్ కార్మికుడి చేతిపని. దాన్ని ముద్దుగా తడిమి చూసుకునేది ఒహాయో పెద్దాయన!

ఆ దేశంలో పాత సైనిక రైఫిళ్ల సరదాకి ప్రభుత్వమే ఊతమిచ్చింది. రెండో ప్రపంచయుద్ధం నాటి గరాండ్ రైఫిళ్లని పౌరులకి అమ్మే సంస్థ ఉంది. ఒహాయోలో ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీలో 1907 నుంచీ జాతీయ పోటీలు జరుగుతున్నాయి. గరాండ్‌కి వేరే పోటీ, పాత సైనిక రైఫిళ్లన్నిటికీ మరో పోటీ. రైఫిల్ ఆనాడు సిపాయికి ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి, కొత్త హంగులు కుదరవు. గరాండ్ ఎనిమిదో గుండు పేలగానే ఖాళీ క్లిప్పు 'టింగ్' మని ఎగిరిపడుతుంది. ఆ చప్పుడంటే చెవి కోసుకుంటారు అక్కడివాళ్లు.

డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లిన మన పిల్లలకి శనివారం స్నేహితులతో రేంజికి వెళ్లి ఫొటో దిగడం ఓ ముచ్చట. అద్దెకి ఇస్తారు, గంట కాల్చుకుని వస్తారు. ఇక్కడే చాలామందికి తెలియని మెలిక ఉంది. హెచ్1బీ మీదో, స్టూడెంట్ వీసా మీదో ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ చేతిలో పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉండటం వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. కౌంటర్లో ఎవరూ అడగలేదు కాబట్టి ఫరవాలేదనుకుంటే పొరపాటు. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకి ఈ ఇబ్బంది లేదు. చట్టం సంగతి అటుంచితే, చదువుకోవడానికి వెళ్లిన మన కుర్రాళ్లలో ఒకరు ఇంట్లో తుపాకీ శుభ్రం చేసుకుంటూ ప్రాణం పోగొట్టుకున్న వార్త కూడా చదివాం. రేంజిలో పది కళ్లు చూస్తుంటాయి. ఇంట్లో ఎవరు చూస్తారు?

ఈ ప్రశ్నకి ఇంగ్లండ్ ఓ జవాబు వెతుక్కుంది. 1996లో స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో ఓ దుర్మార్గుడు చేతితుపాకులతో పదహారుమంది పసిపిల్లల్నీ, వాళ్ల టీచర్‌నీ పొట్టనపెట్టుకున్నాడు. దేశం అట్టుడికింది. మరుసటి ఏడాది దాదాపు అన్ని చేతితుపాకుల్నీ నిషేధించారు. మరి వందేళ్లనాటి వెబ్లీలు, చరిత్ర ఉన్న రివాల్వర్లు? వాటన్నిటినీ కొలిమిలో వేయలేదు. చారిత్రక విలువ ఉన్నవాటికి చట్టంలోనే ఓ దారి ఉంచారు. కాల్చాలనుకునే రివాల్వర్‌ని యజమాని ఇంటికి తీసుకెళ్లకూడదు. ప్రభుత్వం గుర్తించిన రేంజిలోనే తాళం వేసి ఉంచాలి. ముచ్చటైనప్పుడు అక్కడికే వెళ్లి, కాల్చుకుని, శుభ్రం చేసి, మళ్లీ అక్కడే పెట్టి రావాలి. లండన్ దగ్గరి బిస్లీ అలాంటి చోట్లలో ఒకటి. అత్తారింట్లో ఉన్న కూతుర్ని చూడ్డానికి వెళ్లినట్టు వెళతారన్నమాట.

బిస్లీని నడిపే రైఫిల్ సంఘం మరీ పాతది. 1860లో దాని మొదటి పోటీల్ని విక్టోరియా రాణి ప్రారంభించింది. రైఫిల్‌ని ముందే బల్లకి బిగించి గురి సరిచూసి ఉంచితే, ఆవిడ పట్టుతాడు లాగింది. నాలుగొందల గజాల దూరాన గుండు దాదాపు నడిమధ్యన తగిలింది. అలా అయితే ఎవరైనా కొడతారు!

తాతల నాటి తుపాకీకి తంటా

మళ్లీ మన గడపలోకి వద్దాం. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించారు. అంతకుముందు ఒక మనిషికి మూడు తుపాకుల దాకా ఉండొచ్చు. సవరణ బిల్లులో ముందు ఒక్కటే అన్నారు. తాతముత్తాతల ఆస్తి పోతుందని గోల చేశాక రెండుకి ఒప్పుకున్నారు. మూడోది ఏడాదిలోగా పోలీసులకో డీలరుకో అప్పగించాలన్నారు. పెళ్లి బరాతుల్లో గాల్లోకి కాల్చేవాళ్లకి రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పెట్టారు. ఈ రెండో ముక్కకి మాత్రం చేతులెత్తి మొక్కాలి. పైకి పేల్చిన గుండు ఎక్కడో అక్కడ కింద పడాల్సిందే. మేడమీద నిలబడి ఊరేగింపు చూస్తున్నవాళ్లకి తగిలిన సందర్భాలు ఉత్తరాదిలో లెక్కలేనన్ని.

తుపాకులు తగ్గితే మంచిదే. ఎవరు కాదంటారు? కానీ అలా అప్పగించినవాటిలో తొంభై ఏళ్లనాటి ఇంగ్లిష్ తుపాకులు, పనివాడి పేరు చెక్కినవీ ఉంటాయి. తండ్రి పోయాక కొడుక్కి లైసెన్సు బదిలీ కాకపోయినా, కొడుకు పట్నంలో అపార్ట్‌మెంట్లో ఉండి 'ఎందుకొచ్చిన గొడవ' అనుకున్నా దాని గతి అంతే. కొననూ లేరు, కాల్చనూ లేరు, మ్యూజియానికి అక్కర్లేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చూడ్డానికి జనం ఎగబడతారు గానీ అక్కడ చోటెంత? బిస్లీ పద్ధతి మన దగ్గర ఉంటే ఇంట్లో తుపాకీ లేకుండానే తుపాకీ బతుకుతుంది. పోలీసుకీ నిశ్చింత, ఇంట్లో ఆడవాళ్లకీ నిశ్చింత.

రేంజి ఉండాలి కదా అంటారా? హైదరాబాద్‌కి 2002 జాతీయ క్రీడలప్పటి గచ్చిబౌలి రేంజి ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ పెరిగింది హైదరాబాద్‌లోనే. పదమూడేళ్లకే జాతీయ చాంపియన్ అయి, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఓ స్వర్ణం, మూడు రజతాలు పట్టుకొచ్చిన ఇషాసింగ్ కూడా హైదరాబాదీయే. వాళ్లు వాడేవి ఎయిర్ రైఫిళ్లు, ఎయిర్ పిస్టళ్లు, .22లు. సరదాకి మొదలుపెట్టాలనుకునేవాళ్లకీ అదే రాచబాట. రైఫిల్ సంఘంలో సభ్యత్వం తీసుకుని ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెడితే క్రమంగా .22కి, పెద్ద బోరుకి పోవచ్చు. రివాల్వర్ మోజున్నవాళ్లకి .32 తూటాతో ఆడే సెంటర్‌ఫైర్ పోటీ ఉంది. 2006 దోహా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా 590 పాయింట్లతో ప్రపంచ రికార్డుని సమం చేసింది ఆ విభాగంలోనే.

పెద్ద రైఫిల్‌కి మాత్రం నేల కావాలి. మూడొందల మీటర్ల నిడివి, చివర గుండుని మింగే ఎత్తైన మట్టికట్ట, దాని వెనక జనం లేని చోటు. ఒకప్పుడు నగరానికి పడమటి పల్లెల్లో అలాంటి బీళ్లకి కొదవలేదు. ఇప్పుడు చందనవెల్లిలో పారిశ్రామికవాడ వెలిసింది. మొయినాబాద్‌లో ఫామ్‌హౌసులు గోడకి గోడ ఆనుకుని ఉన్నాయి. మూడొందల మీటర్లు అడిగితే నవ్విపోతారు.

పాతదాన్ని కాల్చేముందు...

వయసు మళ్లిన తుపాకీ వయసు మళ్లిన మనిషిలాంటిదే. పైకి బాగానే కనిపిస్తుంది. లోపల ఏముందో పరీక్ష చేయించాలి. బోల్టు మూసినప్పుడు తూటా వెనక ఎడం పెరిగిపోయి ఉంటే ఇత్తడి తొడుగు చిట్లి, వేడిగాలి కాల్చేవాడి ముఖం మీదికి తంతుంది. గొట్టంలో బట్టముక్కో, కందిరీగ గూడో ఇరుక్కుని ఉంటే గొట్టమే అరటిదొప్పలా చీలుతుంది. ఈ పరీక్ష తెలిసిన మేస్త్రీ చేయాల్సింది. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే కంగారుగా బోల్టు లాగకూడదు. పాత తూటా ఆలోచించుకుని పేలుతుంది ఒక్కోసారి! గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగాలి. ఖాళీ అని పదిసార్లు చూసిన తుపాకీని కూడా నిండుదానిగానే పట్టుకోవాలి. రేంజి అధికారి 'ఆపండి' అంటే సగం పిండిన ట్రిగ్గర్ మీదినుంచి కూడా వేలు తీసేయాలి.

కాల్చడం అరగంట, కడగడం గంట. పాత సైనిక తూటాల మందుబిళ్లలో ఉప్పులాంటి రసాయనం ఉండేది. అది గొట్టంలో మిగిలిపోతే తేమని పీల్చి రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. నూనె రాస్తే పోదు, ఉప్పు నూనెలో కరగదు కదా. అందుకే ఆనాటి సిపాయిలు గొట్టంలోకి గరాటుతో సలసల కాగే నీళ్లు పోసేవాళ్లు. ఈనాటికీ పాత తూటాలు వాడినవాళ్లు చేసేది అదే. వేడికి గొట్టం దానంతటదే ఆరిపోతుంది. తర్వాత ఎన్‌సీసీ కుర్రాళ్లకి బాగా తెలిసిన పుల్‌త్రూ తాడు. కొసన ఇత్తడి బరువు, మరో కొసన 'చిందీ' అని పిలిచే గుడ్డముక్క. గొట్టంలోంచి లాగిన చిందీ నల్లగా వస్తుంది. మరొకటి. బూడిదరంగు. మరొకటి. తెల్లగా వచ్చాక ఒక్క చుక్క నూనె అద్దిన చిందీతో ఆఖరుసారి లాగి, తాడు చుట్టి, నూనెసీసాతో సహా బట్ వెనక ఇత్తడి మూత కింద ఉన్న చిన్న గూట్లో పెట్టి మూసేయాలి.